ఒకే కారు... రెండు నడకలు!

మీరు రోజూ వేసుకునే చెప్పుల్ని ఒక్కసారి తిరగేసి చూడండి. ఒకరికి మడమ బయటి అంచు అరుగుతుంది, ఇంకొకరికి బొటనవేలి దగ్గర అరుగుతుంది. అరిగిన తీరును బట్టి మనిషి నడక చెప్పెయ్యొచ్చు. కారు టైరూ అంతే. కాకపోతే మన నడక మార్చుకోవడం కష్టం, చక్రాల నడకైతే బోల్టులు తిప్పి సరిచెయ్యొచ్చు. దాన్నే వీల్ అలైన్‌మెంట్ అంటారు.

ఇందులో ఇంత కథ ఉందని నాకు తెలిసింది మా పిన్ని కూతురి వల్ల. తను కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటుంది. తన ముద్దుల బండి 1992 నాటి మాజ్దా మియాటా. 1989లో వచ్చిన ఈ రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారును అక్కడి వాళ్లు ఇప్పటికీ అపురూపంగా చూసుకుంటారు. మా చెల్లి అందులోనే పన్నెండేళ్ల కూతుర్ని సంగీతం క్లాసుకు దింపుతుంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు అదే కారును లగూనా సెకా రేసు ట్రాక్ మీద పరుగెత్తిస్తుంది! పదకొండు మలుపులున్న ఆ ట్రాక్‌లో ఒకచోట దారి మెలికలు తిరుగుతూ అయిదంతస్తుల లోతుకు దిగుతుంది.

ఒకే కారు రెండు పనులూ చెయ్యాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

మూడు మాటలు తెలిస్తే చాలు

మొదటిది క్యాంబర్. కారుకు ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిటారుగా ఉందా, వాలి ఉందా అన్నది. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటివైపు టైరు అంచు మీదకు లేస్తుంది. ముందే పైభాగాన్ని కాస్త లోపలికి వాల్చి ఉంచితే, ఆ సమయానికి టైరు నేలను పూర్తిగా కరుచుకుంటుంది. అందుకే ట్రాక్‌కు ఎక్కువ వాలు కావాలి.

రెండోది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది చూశారూ, అదే. ఇది సరిగ్గా ఉంటే మలుపు తిరిగాక స్టీరింగు దానంతటదే తిన్నగా వస్తుంది.

మూడోది టో. అంటే కాలివేళ్లు! నడిచేటప్పుడు కొందరి పాదాలు లోపలికి తిరిగి ఉంటాయి, కొందరివి బయటికి. ముందు చక్రాలు కాస్త బయటికి చూస్తే మలుపులోకి కారు చురుగ్గా తిరుగుతుంది, తిన్నటి రోడ్డు మీద మాత్రం అటూ ఇటూ వెతుక్కుంటుంది. వెనక చక్రాలు బయటికి చూశాయా, తోక విసిరేసినట్టు కారు తిరిగిపోయే ప్రమాదం ఉంది.

పైకి నిగనిగ, లోపల దారాలు

ఒకసారి చెల్లి ఒక షాపులో ట్రాక్ కోసమని అలైన్‌మెంట్ చేయించింది. అదే సెట్టింగుతో ఆరు నెలలు రోడ్డు మీదా తిరిగింది. బయటినుంచి చూస్తే టైర్లు కొత్తవాటిలాగే ఉన్నాయట. తొలివాన పడిన రోజు హైవే మీద బండి ఉన్నట్టుండి పక్కకు జారింది. పక్క సీట్లో కూతురు. అదృష్టం బాగుండి వెనక ఏ లారీ లేదు. ఇంటికొచ్చి జాకీ మీద లేపి చూస్తే, వెనక టైర్ల లోపలి అంచున రబ్బరు పోయి దారాలు తేలి ఉన్నాయి!

‘క్యాంబర్ ఒక్కటే అంత తినదక్కా. దానికి టో ఎక్కువ తోడైతే రబ్బరును రోజూ తురిమినట్టే’ అంది. అప్పట్నుంచి కొలతలన్నీ తనే తీసుకుంటుంది.

బియ్యం బస్తాల షికారు

ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూస్తుంది. కీళ్లలో, బుష్‌లలో వదులుంటే అవి బాగుచేయించాకే మిగతా పని. కారు బాగా తేలిక కనుక మనిషి కూర్చుంటే కోణాలు మారతాయి. అందుకని డ్రైవరు సీట్లో 20 పౌన్ల సోనామసూరి బస్తాలు ఆరు పెడుతుంది. అంటే 54 కిలోలు. ‘ఇవాళ బియ్యం షికారుకెళ్తోందా?’ అని మా మరిదిగారి వేళాకోళం.

తరవాత కారుకు రెండు పక్కలా, తాపీమేస్త్రీ గోడకు కట్టినట్టు, సమాంతరంగా దారాలు లాగుతుంది. చక్రం రిమ్ముకు ముందు అంచునుంచి దారం ఎంత, వెనక అంచునుంచి ఎంత అని స్కేలుతో కొలుస్తుంది. ఆ తేడాయే టో. వరస కూడా ముఖ్యమే. ముందుగా క్యాస్టర్, క్యాంబర్, ఆఖర్న టో. క్యాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది మరి.

రోడ్డుకైతే ముందు చక్రాలకు ఒక డిగ్రీ, వెనక ఒకటిన్నర డిగ్రీ వాలు చాలు. ట్రాక్‌కు రెండు, రెండున్నర కావాలి. తను రెంటికీ మధ్యన, ముందూ వెనకా ఒకటిముప్పావు దగ్గర ఆగింది. ముందు టో సున్నా, వెనక ఒక మిల్లీమీటరు లోపలికి. ‘ట్రాక్‌లో ఒకటి రెండు సెకన్లు పోతే పోనీ, పాప కూర్చునే బండి ఇది’ అంటుంది.

మన కారుకూ ఇదే పాఠం

మన ఊళ్లలో తిరిగే చాలా చిన్న కార్లలో మార్చడానికి వీలైంది ముందు చక్రాల టో ఒక్కటే. అయినా టైర్లను తినేది ముఖ్యంగా అదే! తిన్నటి రోడ్డు మీద కారు ఒకపక్కకు లాగుతున్నా, స్టీరింగు వంకరగా ఉంటేనే బండి తిన్నగా వెళ్తున్నా అలైన్‌మెంట్ చూపించాలి. వేగంలో స్టీరింగు వణికితే అది బ్యాలెన్సింగ్ లోపం కావచ్చు. రెండూ ఒకటి కాదు.

‘కంప్యూటర్ అలైన్‌మెంట్ చేసేశామమ్మా’ అనగానే డబ్బిచ్చి వచ్చెయ్యకండి. ముందెంత ఉంది, ఇప్పుడెంత ఉంది అన్న కాగితం అడిగి తీసుకోండి. నెలకోసారి స్టీరింగును పూర్తిగా ఒకవైపుకు తిప్పి, ముందు టైరు లోపలి అంచును చేత్తో తడిమి చూడండి. ఒక్క నిమిషం పని. వానాకాలం ముందు మాత్రం ఆ నిమిషాన్ని అస్సలు మరవకండి.