కుక్కను వెంటగొని పోవుట

ఇంద్రుడు రథము తెచ్చినను, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు పలికిన కథ మనమందరము ఎరిగినదే. నేడు నరసరావుపేట నుండి పిడుగురాళ్ల, గురజాలల మీదుగా మాచర్లకు కారులో పోవువారు కొందరు పెంపుడు కుక్కలను వెంట గొనిపోవుచున్నారు. అట్టివారికై మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మొకటి కలదు.

ఎండవేళ మనకు మేనంతయు చెమర్చును. ఆ చెమట ఆరుటచే ఒడలు చల్లబడును. కుక్కకు అరికాళ్లయందు తప్ప చెమట లేదనవచ్చును. నోరు తెరచి వగర్చుటచే నాలుక మీది తడి ఆరి దాని రక్తము చల్లబడును. చుట్టునున్న గాలియే వేడెక్కినచో ఈ యుపాయము చాలదు.

పలనాటి వేసవి యెట్టిదో రెంటచింతల పేరు విన్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అద్దములు మూసి యెండలో నిలిపిన కారులో 10 నిమిషములలోనే వేడి సుమారు 10 సెంటిగ్రేడు డిగ్రీలు పెరుగును. అద్దము కొంచెము దించినను మేలు స్వల్పమే. కుక్క దేహోష్ణము సహజముగ 38, 39 డిగ్రీల నడుమ నుండును. 41 దాటినచో ప్రాణాపాయము. కావున టీ త్రాగి వత్తుమని దానిని కారులో విడుచుట తగదు.

వేకువనే బయలుదేరవలెను. వాంతి కాకుండుటకై కొన్ని గంటల ముందే మేత పెట్టవలెను. దారిలో నీడపట్టున ఆగి నీరు త్రావింపవలెను. మన అరచేయి ఓర్వని తారురోడ్డుపై దానిని నడిపింపరాదు. వగర్పు హెచ్చి, చొంగ కారి, తూలుచున్నచో వెంటనే చన్నీటితో ఒడలు తడిపి, విసరుచు, పశువైద్యుని కడకు చేర్పవలెను.

బాలబాలికలారా! నోరులేని ప్రాణి మనలను నమ్మి బండి యెక్కును. ఆ నమ్మకమును కాపాడుట మన విధి.