లారెన్సు నవలలు - నీతివిచారము

ఆంగ్ల నవలాకారుడగు డి. హెచ్. లారెన్సు పేరు చెప్పినంతనే మన విద్యావంతులలో పెక్కురకు జ్ఞప్తికి వచ్చునది యొక్క గ్రంథమే. 1928లో ఫ్లారెన్సు నగరమున నాతడు స్వయముగా నచ్చొత్తించుకొనిన 'లేడీ చాటర్లీస్ లవర్' అను నా నవలను చదివినవారికంటె, చదువకయే నిందించినవారును, చదువకయే కొనియాడినవారును అధికముగా నుందురు. ఆతడు విశృంఖలతను బోధించెనని నిందించువా రందురు. కొనియాడువారును సరిగా నా మాటయే యందురు. ఈ యుభయపక్షములవారును పొరబడుచున్నారని మా తలంపు. లారెన్సునందు దోషము లేకపోలేదు. కాని యది వీరు చూపుచున్న చోట లేదు.

ఆతడు 1885లో నాటింగుహాంషైరులోని ఈస్టువుడ్ అను బొగ్గుగనుల యూర జన్మించెను. తండ్రి గనిలో దిగి బొగ్గు త్రవ్వువాడు. చదువుసంధ్యలు తక్కువ, నవ్వును త్రాగుడును ఎక్కువ. తల్లి వివాహమునకు పూర్వము బడిలో పాఠములు చెప్పినది. పుస్తకములు, దైవభక్తి, పట్టుదల గల స్త్రీ. ఆ యింటిలో జరిగిన పోరే 1913లో వెలువడిన 'సన్స్ అండ్ లవర్స్' నవలకు వస్తువు. అందు తల్లియే గెలిచెను. గ్రంథకర్తయు నప్పటికి తల్లిపక్షముననే నిలిచెను. తండ్రికి తాను న్యాయము చేయలేదని యాతనికి తోచినది చాల కాలమునకు గాని కాదు.

మానవుని చైతన్యమంతయు తలలోనే లేదనుట లారెన్సు మూలసిద్ధాంతము. రక్తమునకును ఒక తెలివి కలదనియు, అది మేధకంటె నమ్మదగినదనియు 1913లోనే యొక మిత్రునకు వ్రాసియుండెను. ఫ్రాయిడు పండితుని దృష్టిలో అచేతనము, అణచివేయబడిన కోరికలు దాగియుండు చీకటికొట్టు వంటిది. లారెన్సు దీని నొప్పుకొనలేదు. ఆ కొట్టు మనస్సు తాను కల్పించి లోనికి త్రోసినదే యనియు, దాని క్రింద ప్రాణముయొక్క నిర్మలమైన యూట కలదనియు 1921లోను, 1922లోను ప్రకటించిన రెండు గ్రంథములలో వాదించెను. ఆ యూటకు స్థానము నాభికి వెనుకనున్న నాడీచక్ర మనెను. రెండవ గ్రంథపు పీఠికలో యోగశాస్త్రమునుండియు తనకు సూచనలు లభించినవని చెప్పుకొనెను. ఇది చూచి, పాశ్చాత్యులకు తుదకు మన విద్యయే దిక్కైనదని పొంగిపోవువారు మనలో లేకపోరు. అంత తొందర వలదు. మన యోగులకు చక్రములు నిగ్రహమునకు మెట్లు. లారెన్సు నిగ్రహమును తీసివేసి ప్రవాహమును మాత్రమే యుంచుకొనెను. పెట్టుబడి మనదే కావచ్చును గాని వ్యాపారము వేఱు.

అయినను నీ ప్రవాహము విచ్చలవిడితనము కాదు. శరీరమును గూర్చి మనస్సులో ఊహించుకొని ఊహించుకొని చప్పరించుట యాతనికి పరమ హేయము. కామమును అవమానించి మలినపఱచు వ్రాతలను తానే నిషేధింతునని 1929 నాటి యొక వ్యాసమున వ్రాసెను. చాటర్లీ నవలను సమర్థించుచు వ్రాసి, 1930లో ప్రకటింపబడిన వ్యాసములో, వివాహబంధము యావజ్జీవము విడరానిదని విధించిన ప్రాచీన క్రైస్తవమతమును మనసార ప్రశంసించెను. 1912లో తన గురువుగారి భార్యతో దేశము విడిచిపోయి, 1914లో నామెను వివాహమాడినవాడు ఈ మాట చెప్పుట వింతగా దోచును. కాని యాతని యాశయము స్పష్టమే: లేని యనురాగమును ఉన్నట్లు నటించుటయే యవినీతి. కట్నము కుదిరిన పిదప గాని వధూవరుల సంగతి తలపెట్టని మన పెద్దలు ఈ వాదమును కొట్టివేయుటకు ముందు కొంచెము యోచింపవలెను.

కళను గూర్చి యాతడు చెప్పినది మఱింత లోతైనది. నవల యొక త్రాసు వంటిదనియు, రచయిత తన కిష్టమైన వైపున బొటనవ్రేలు పెట్టి తట్టను క్రిందికి లాగుటయే కళయం దవినీతి యనియు 1925లో వ్రాసెను. ఈ త్రాసులో నాతనినే తూచి చూతము. 1915లో వెలువడిన 'ది రెయిన్‌బో'లో మూడు తరముల రైతుకుటుంబము కలదు. నేల తడి, పశువుల శ్వాస, అలుమగల మౌనము, తల్లిని మించి చదువుకొనగోరు కూతురి యసంతృప్తి - దేనికిని మొగ్గక త్రాసు నిలిచినది. భూమిని నమ్ముకొని బ్రదుకువారు చదువదగిన నవల యిది. 1926 నాటి 'ది ప్లూమ్డ్ సర్పెంట్'కు వచ్చునప్పటికి వ్రేలు కనబడును. మెక్సికో దేశమున పూర్వదేవతల పునఃప్రతిష్ఠ, ప్రశ్నింపరాని నాయకుడు, రక్తబలి, పురుషునకు లొంగిపోవు స్త్రీ - ఇట్లు కథ సాగును. రక్తము పొరబడదను సూత్రము నాయకునికి వర్తించినపుడు పొరబాటును చూపువా డెవ్వడు? లారెన్సు 1930 మార్చిలో మరణించెను. హిట్లరు పరిపాలనను చూడలేదు. ఈ రక్తవాదము నాజీల మారణశిబిరములకు దారితీసినదని రసెల్ తరువాత వ్రాసెను. ఆ మాట మితిమీరినదే గాని నిరాధారము కాదు. ఆతని దోష మిచ్చట నున్నది.

న్యాయస్థానములు పట్టుకొనినది మాత్రము వేఱు. 1915 నవంబరులో లండను న్యాయాధికారి యాజ్ఞచే 'ది రెయిన్‌బో' ప్రతులు 1,011 నాశనము గావింపబడెను. ప్రచురణకర్తలు ఎదురాడక క్షమాపణ చెప్పుకొనిరి. గ్రంథకర్త వాదమును వినువారే లేరైరి. అంతకు నాలుగేండ్లకు ముందే యిచ్చటి ఆంగ్లప్రభుత్వము, బెంగుళూరు నాగరత్నమ్మగారు ప్రకటించిన ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను అశ్లీలమని జప్తు చేసియుండెను. 1947లో ప్రకాశము పంతులుగారి చొరవచే గాని యా కావ్యమునకు విముక్తి కలుగలేదు.

ఇంగ్లండులో 1959లో చట్టము మాఱినది. మఱుసటి యేట చాటర్లీ నవలపై నడచిన వ్యాజ్యమున, ఈ పుస్తకమును మీ భార్యలును నౌకరులును చదువుట మీకు సమ్మతమా యని ప్రభుత్వన్యాయవాది జూరీవారి నడిగెను. జూరీవారు నవంబరు 2వ తేదీన ప్రచురణకర్తలను నిర్దోషులనిరి. మనదేశమున 1964లో సుప్రీముకోర్టు అదే పుస్తకము నమ్మిన బొంబాయి వర్తకుని శిక్షను స్థిరపఱచెను. చెడుకు లొంగదగిన మనస్సులను గ్రంథము చెఱచునా యను 1868 నాటి ఆంగ్లసూత్రమే యందులకు ప్రమాణము. తెల్లవారే సవరించుకొనిన కొలబద్దను స్వతంత్రభారతము చేతబట్టుట మాకు రుచింపలేదు. మన న్యాయస్థానము దానిని విడిచిపెట్టినది 2014లో. అదియు లారెన్సు గ్రంథవిషయమున గాదు, పత్రికలో నచ్చుపడిన యొక టెన్నిసు క్రీడాకారుని ఛాయాచిత్రమును గూర్చిన వ్యాజ్యమున.