గురికి చోటేది?

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించిన కథ ఎరుగని తెలుగు విద్యార్థి యుండడు. శిల్పులచేత చేయించిన పక్షి బొమ్మను చెట్టుకొన నిలిపి, ఒక్కొక్క శిష్యుని పిలిచి, "నీకేమి కనబడుచున్నది?" అని ఆచార్యుడు అడిగెను. చెట్టును, అన్నదమ్ములును, గురువును అందరును కనబడుచున్నారని చెప్పినవారిని విల్లు దింపి ప్రక్కకు తొలగుమనెను. పక్షి శిరము తప్ప మరేమియు కానరాలేదన్న అర్జునుడే గెలిచెను. ఏకాగ్రతను బోధించుటకు ఇంతకు మించిన కథ లేదని ఉపాధ్యాయులు తరతరములుగా చెప్పుచున్నారు; చెప్పదగినదే. ఐనను ఆ కథలో ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి మిగిలియున్నది. బాణము గురి తప్పినచో ఎచ్చటికి పోవును? ఆ చెట్టు వెనుక ఏమున్నది?

ఈ ప్రశ్న అడుగకుండుటవలన కలిగిన అనర్థము రామాయణమునందు కలదు. యువకుడైన దశరథుడు సరయూ తీరమున, చీకటివేళ, కుండలో నీరు నిండు చప్పుడు విని ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి బాణము విడిచెను. లోకము శ్రవణకుమారుడని పిలుచుకొను ఆ మునికుమారుడు నేలగూలెను. దశరథుని గురి ఏమాత్రము తప్పలేదు. అతడు కొట్టరాని చోట కొట్టినాడు, అంతే.

నేడు నిజాంపేటలో ఒక పాఠశాలవారో, ఒక అపార్టుమెంటు సంఘమువారో ఆదివారమునాడు ముప్పది మంది పిల్లలను వెంటబెట్టుకొని గురి చూచి కొట్టు ఆట ఆడింపదలచిరనుకొందము. కోరిక మంచిదే. చేయి నిలుపుట, ఊపిరి నిలుపుట, తప్పిన గుండును మరచి తరువాతి గుండు గూర్చి యోచించుట అను మూడును పరీక్షల వేళ పనికివచ్చు విద్యలే. కాని తుపాకి దొరకుట కంటె చోటు దొరకుట కష్టమని వారికి మొదటి గంటలోనే తెలియును.

మొదట అందరి కంటను పడునది ఖాళీ స్థలము. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగరములలో అపార్టుమెంటుకును అపార్టుమెంటుకును నడుమ, ఇంకను పునాది తీయని జాగాలు అచ్చటచ్చట మిగిలియున్నవి. ముళ్లకంప కొట్టివేసి, గోడకు కాగితము అంటించినచో సరిపోదా యని పిల్లలు అడుగుదురు. సరిపోదు. గాలి తుపాకి గుండు అర గ్రాము బరువుండునంతే. ఐనను అది గొట్టము వెలువడునప్పుడు సెకనుకు సుమారు 170 మీటర్ల వేగముతో పోవును. అడ్డు లేనిచో కొన్నివందల మీటర్ల దూరమున పడును. పాయింట్ టూ టూ రైఫిలు గుండు కిలోమీటరు దాటియు పోగలదు. మేడమీద బట్టలారవేయుచున్న ఇల్లాలికి ఆ సంగతి తెలియదు.

రెండవది కొండరాళ్లు. హైదరాబాదు చుట్టును బండలకు కొదువ లేదు గదా, పెద్ద బండనే గోడగా చేసికొందమని పెద్దలలో ఒకరైనను అనకమానరు. ఇది ఖాళీ జాగా కంటె చెడ్డ ఆలోచన. నల్లరాయి గుండును మ్రింగదు, తిప్పికొట్టును. సీసపు గుండు బండకు తగిలి చిట్లి ఏ దిక్కునకు ఎగురునో కొట్టినవాడు సైతము చెప్పలేడు. నీటి సంగతియు అంతే. ఏటవాలుగా తాకిన గుండు, పిల్లలు చెరువులో విసరు పెంకువలె, నీటిమీద ఎగిరి ఆవలి గట్టు చేరవచ్చును. అమీనుపూరు చెరువు దగ్గరలోనే కలదని ఎవరైన సూచించినచో, దానిని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరని గుర్తుచేయవలెను. శీతకాలమున వలస పక్షులు దిగు ఆ నీటి ఒడ్డున చూచుటకు పోవలసినది దుర్భిణితో.

కనుక కావలసినది విశాలమైన బయలు కాదు, గుండును ఆపగల గోడ. మట్టికట్టయో, ఇసుక నింపిన అడ్డో, గుండును క్రిందికి జార్చు వాలుగల ఉక్కు పలకయో గురి వెనుక నుండవలెను. ప్రక్కల నుండి ఎవ్వరును లోనికి రాగల దారి యుండరాదు. కొట్టువారందరును ఒకే వరుసలో నిలిచి ఒకే దిక్కునకు కొట్టవలెను. దండు పేటల ఉర్దూ పలుకుబడిలో ఇట్టి చోటిని చాంద్‌మారీ యనిరి. చాంద్ అనగా చందమామ; గురి పలక మీది గుండ్రని గుర్తునకును ఆ పేరే వచ్చినది. సైన్యము మసలిన ఊళ్లలో పెక్కింట నేటికిని ఆ పేరుగల పేటలున్నవి. తుపాకులు పోయినను పేరు నిలిచినది.

గోడ యున్నచో దూరమెంత కావలెను? ఇచ్చటనే నిజాంపేటవారికి ఊరట కలుగును. గాలి రైఫిలు, గాలి పిస్తోలు పోటీలు ఒలింపిక్ క్రీడలలో సైతము 10 మీటర్ల దూరముననే జరుగును. అది ఒక పాఠశాల వరండా పొడవు కూడ కాదు. గురి నేల నుండి 1.4 మీటర్ల ఎత్తున నుండును. రైఫిలు గురి మొత్తము 45.5 మిల్లీమీటర్ల వెడల్పు. అందు పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. వాక్యము చివర పెట్టు బిందువు అంతకంటె పెద్దది కాదు. ఆ బిందువును 10 మీటర్ల దూరము నుండి, నిలిచి, 75 నిమిషములలో 60 మారులు కొట్టవలెను. విల్లు పట్టదలచినవారికి ఇంతకు ఎన్నోరెట్ల చోటు కావలెను: కాంపౌండు విల్లుకు 50 మీటర్లు, రికర్వు విల్లుకు 70 మీటర్లు. విజయవాడ జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచినది 50 మీటర్ల దూరమునుండియే.

పది మీటర్ల చోటు ఎంతటివానిని తయారుచేయగలదో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. 1997లో తండ్రి ఒక గాలి పిస్తోలు కొనియిచ్చినప్పుడు గగన్ నారంగ్ బేగంపేటలోని తమ ఇంటి పెరటిలో బుడగలను కొట్టుచు అభ్యాసము మొదలుపెట్టెను. ఆనాటి పెరటి బాలుడే 2003 అక్టోబరు 26న హైదరాబాదులో జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడలలో 10 మీటర్ల గాలి రైఫిలు స్వర్ణము గెలిచెను. 2012లో లండను ఒలింపిక్సులో 701.1 మార్కులతో కాంస్యము తెచ్చెను. అప్పుడు ప్రథమునకును అతనికిని నడుమ నున్న అంతరము ఒక్క మార్కు. 2008లో బీజింగునందు స్వర్ణము గెలిచిన అభినవ్ బింద్రాకును ఇంటి ఆవరణలోనే తండ్రి కట్టించిన శిక్షణశాల యుండెను. కలవారి బిడ్డకు అది సులభమే యని పాఠకులు అనవచ్చును. అనుటలో తప్పు లేదు. రైఫిలు కొనుటకు నారంగ్ కుటుంబము స్థలము అమ్ముకొన్నదని చెప్పుదురు. ఈ ఆటకు కావలసిన చోటు చిన్నదే కాని, ఖర్చు చిన్నది కాదు.

ఈషా సింగ్ కథ చోటు ప్రశ్నకు మరింత దగ్గరగా నున్నది. 2005లో పుట్టిన ఈ హైదరాబాదు బాలిక తొమ్మిదేండ్ల ప్రాయమున గచ్చిబౌలిలో తుపాకి గురి చూచి ముచ్చటపడెను. కాని ఇంటికి దగ్గరలో అభ్యాసశాల లేదు. గచ్చిబౌలికి దినదినము రాకపోకలు సాగింపవలెను. మోటారు పందెముల చోదకుడైన తండ్రి ఇంటిలోనే కాగితపు గురులతో ఒక చిన్న అభ్యాసశాల ఏర్పరచెను. 2018లో, పదమూడేండ్ల వయస్సున, ఆమె జాతీయ పోటీలలో మను భాకరు వంటివారిని దాటి 10 మీటర్ల గాలి పిస్తోలు విజేత యయ్యెను. 2023లో హాంగ్‌జౌలో ఒక స్వర్ణము, మూడు రజతములు గెలిచెను. ఆమెకు ఇంట దొరకిన పది మీటర్ల చోటు నిజాంపేటలోని ఎన్ని పాఠశాలలలో, ఏ సామాను గదియందో, ఏ మెట్ల క్రిందనో వృథాగా పడియున్నదో ప్రధానోపాధ్యాయులే చూచుకొనవలెను.

హైదరాబాదువాడే యగు ధనుష్ శ్రీకాంత్ వినికిడి లేని బాలుడు. 2022లో బ్రెజిలునందలి కాషియాస్ దో సుల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్సులో 10 మీటర్ల గాలి రైఫిలునందు స్వర్ణము గెలిచెను. శబ్దముతో పనిలేని ఆట యిది. తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండు పిల్లవానికి ఇందు ముందు వరుస దొరకవచ్చును.

ఇక విహారము సంగతి. నిజాంపేట నుండి బయలుదేరువారికి తోచు దిక్కు గచ్చిబౌలియే. 2002 జాతీయ క్రీడలును, 2003 ఆఫ్రో ఆసియా క్రీడలును హైదరాబాదులో జరిగిన కాలమున కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆవరణలో తుపాకి అభ్యాసశాల వెలసినది. జె.ఎన్.టి.యు. కూడలి, హైటెక్ సిటీ మీదుగా పోయినచో సుమారు 15 కిలోమీటర్లు. ఆఫీసుల వేళ పోయినచో ఎంతసేపో కిలోమీటర్లు చెప్పజాలవు. మెట్రో రైలు ఎక్కినవారు అమీరుపేటలో బండి మారి రాయదుర్గము చేరి, అచ్చట నుండి మరల రోడ్డు పట్టవలెను. ఏ అభ్యాసశాలకైనను ముందుగా అడిగి, ఒప్పించుకొని, పిల్లల వయస్సు చెప్పి పోవలెనే గాని బస్సు దిగి తలుపు తట్టరాదు.

ఉపాధ్యాయులు మరచునది లెక్క. ముప్పది మంది పిల్లలు, ఐదు వరుసలు. ఒక్కొక్క జట్టుకు ఇరువది నిమిషములు. ఆరు జట్లకు రెండు గంటలు. అందు ఒక్కొక్క పిల్లవాడు కొట్టునది ఇరువది నిమిషములు. గంట నలుబది నిమిషములు ఊరక కూర్చుండవలెను. ఊరక కూర్చున్న పిల్లవాడు తుపాకిని ముట్టుకొనును. కనుక గురి వరుసకు వెనుక, వేరుగా కూర్చుండు గది లేని చోటికి గుంపును తీసికొని పోరాదు. "అక్కా, ఎన్ని వరుసలున్నవి? ఒక్కొక్క వరుసకు ఒక శిక్షకుడు నిలుచునా? చిన్నపిల్లలు తుపాకి ఆనించుకొనుటకు బల్ల కలదా?" అని ఫోనులో అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. పోటీ రైఫిలు ఐదున్నర కిలోల వరకు ఉండవచ్చును. ఆరవ తరగతి బాలిక దానిని నిలిచి మోయలేదు.

చట్టము కూడ కొంత ఎరుగవలెను. 1959 నాటి ఆయుధ చట్టమునకు లోబడి 2016లో వచ్చిన నియమములు, తక్కువ బలముగల 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకులను లైసెన్సు బాధ నుండి తప్పించినవి. పాయింట్ టూ టూ రైఫిలు మొదలైనవి నిప్పు తుపాకులే. వాటిని అనుమతిగల క్లబ్బులోనో, 1948లో ఏర్పడిన ఎన్.సి.సి. శిబిరములోనో, పెద్దల కనుసన్నలలో మాత్రమే పట్టవలెను. ఎన్.సి.సి. దళముగల పాఠశాలవారు ముందుగా తమ అధికారినే అడుగుట మేలు.

సైబరాబాదులో రంగుబంతులతో ఒకరినొకరు కొట్టుకొను ఆటస్థలములు పెక్కు వెలసినవి. సరదాకు అవి సరదాయే. కాని మనుష్యుని మీదికి గొట్టము చూపుట ఆటగా నేర్చిన చేతికి, మరునాడు నిజమైన తుపాకి ఇచ్చుటకు ఏ శిక్షకుడును ఇష్టపడడు. తుపాకి శాలలో మొదట నేర్పునది దానికి విరుద్ధము: గుండు లేదని ఎంత తెలిసినను గొట్టము గురి వైపుననే యుండవలెను, ఆపుమన్న వెంటనే వ్రేలు మీట నుండి తీయవలెను, అందరును తుపాకులు బల్లమీద పెట్టువరకు ఎవ్వరును గీత దాటి ముందుకు పోరాదు.

ఆట ముగిసిన పిదప పిల్లలు తూట్లు పడిన కాగితములు చేతబట్టుకొని ఎవరి తూటు నడుమ నున్నదో వాదులాడుకొనుచు నీడకు చేరుదురు. టిఫిను డబ్బాలు విప్పుదురు. దానికి ముందు ప్రతి పిల్లవాడును కొళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. గుండ్లు సీసముతో చేసినవి. వ్రేళ్లకు అంటిన ఆ మసి పులిహోరతో పాటు కడుపులోనికి పోరాదు.