బాపు పెట్టెలో షాడో... మరి ఆ సంతకం ఎవరిది?

గూఢచారి నవలలంటే నాకు పిచ్చి. అందులోనూ మొదటి ముద్రణ, రచయిత సంతకం ఉన్న కాపీ అంటే ఇంకా పిచ్చి. మా దమ్మాయిగూడలో ఈ మాట చెబితే "పాత పుస్తకాలకి అంత సీనుందా?" అని నవ్వుతారు. ఉంది బాస్. ఎంత సీనుందంటే, పోయిన ఏడాది ఒక్క పాత షాడో నవల నా నెల ఈఎంఐ కట్టేసేదే. నోరు మూసుకుని ఉంటే చాలు! ఆ కథే ఇది.

అసలు షాడో ఎవరు?

ఇప్పటి పిల్లలకి గూఢచారి అంటే 2018లో వచ్చిన అడివి శేష్ సినిమా. మా పెద్దవాళ్లకి 1966లో కృష్ణ చేసిన 'గూఢచారి 116'. పుస్తకాల్లో మాత్రం ఆ కుర్చీ మధుబాబు గారి షాడోదే. సీఐబీ ఏజెంటు షాడో, పైన చీఫ్ కులకర్ణి, పక్కన శ్రీకర్, ముఖేష్, గంగారాం, బిందు. ఈ పేర్లు వింటే చాలు, యాభై దాటిన అంకుల్స్ మొహాలు వెలిగిపోతాయి. కావాలంటే ఈ రాత్రి మీ ఇంట్లో అడిగి చూడండి.

షాడో కంటే ముందు తెలుగువాళ్లని నిద్రపోనివ్వనిది కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు. కవిగా మనకి తెలిసిన ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశారంటే నేను మొదట నమ్మలేదు. అప్పట్లో ఈ చిన్న సైజు పుస్తకాలు ఎక్కువగా మద్రాసు, విజయవాడల నుంచి వచ్చేవి. బస్టాండు బంకుల్లో వేలాడేవి. కొనలేనివాళ్లు అద్దె లైబ్రరీలో తెచ్చుకునేవాళ్లు. రాత్రికి రాత్రే చదివేసి పొద్దున్నే ఇచ్చేయాలి, లేకపోతే ఇంకో రోజు అద్దె పడుతుంది.

మంచి కాపీ ఎందుకు దొరకదు?

ఆ అద్దె లైబ్రరీలే ఈ నవలల్ని బతికించాయి, అవే చంపేశాయి కూడా. షాపాయన కొత్త పుస్తకం రాగానే అట్ట మీద నుంచి దబ్బనంతో కుట్టేసేవాడు. పేజీ పేజీకీ రబ్బరు స్టాంపు. చదివినవాళ్లు ఊరుకుంటారా? 'హంతకుడు డాక్టరే' అని మొదటి పేజీలోనే రాసి పెట్టేవాళ్లు! చివరి పేజీ చిరిగిన సస్పెన్స్ నవల కొన్న బాధ నేను మూడుసార్లు పడ్డాను.

విదేశాల్లోనూ ఇదే గోల. ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన మొదటి జేమ్స్ బాండ్ నవల 'కాసినో రాయల్' 1953 ఏప్రిల్ 13న లండన్‌లో విడుదలైంది. మొదటి ముద్రణ 4,728 కాపీలే. వాటిలో చాలా భాగం అక్కడి లైబ్రరీలకి వెళ్లి నలిగిపోయాయి. మిగిలిన శుభ్రమైన కాపీలు, పై కాగితం అట్టతో సహా ఉంటే, ఇవాళ లక్షల రూపాయల్లో పలుకుతాయి. ఫ్లెమింగ్ 1964లో 56 ఏళ్లకే పోయారు. అంటే బాండ్ పుస్తకాల మీద ఆయన సంతకం పెట్టడానికి దొరికింది పదకొండేళ్లే. సంతకం ఉంటే రేటు ఎందుకు అంత పైకి పోతుందో ఇప్పుడు అర్థమైందిగా.

జాన్ లెకారే సంగతి ఇంకా సరదా. ఆయన అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్. బ్రిటన్ గూఢచారి శాఖల్లో నిజంగానే ఉద్యోగం చేశారు. 2020లో చనిపోయేదాకా ఆ మారుపేరుతోనే రాశారు. గూఢచారి సంతకం కూడా మారుపేరే!

నేను వెతికే పద్ధతి

ఆదివారం పొద్దున్నే దమ్మాయిగూడ నుంచి ఈసీఐఎల్, అక్కడి నుంచి కోఠి బస్సు. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి కదా, ఆ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు గుట్టలుగా పోస్తారు. ఎండెక్కకముందే వెళ్లాలి. మంచివి పొద్దున్నే ఎగిరిపోతాయి.

పుస్తకం చేతికి రాగానే అట్ట చూడను. టైటిల్ పేజీ తిప్పి వెనక చూస్తాను. 'ప్రథమ ముద్రణ', నెల, సంవత్సరం, ఎన్ని ప్రతులు, ప్రెస్ పేరు... అసలు జాతకమంతా అక్కడే ఉంటుంది. 'ద్వితీయ ముద్రణ', 'పునర్ముద్రణ' అని ఉంటే అది మొదటిది కాదు. అసలేమీ లేకపోతే వెల చూడండి. రెండు రూపాయల కాలం పుస్తకం మీద ఇరవై రూపాయలుంటే తర్వాత వేసిందే అనుకోవచ్చు.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా నవలలు ముందు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చాయి. మన అమ్మమ్మలు ఆ పేజీలు చింపి, వరసగా పెట్టి, దారంతో కుట్టుకునేవాళ్లు. పుస్తకంగా అచ్చుకాకముందే పుట్టిన పుస్తకం అది! నా దగ్గర అలాంటివి నాలుగున్నాయి. వాటిని ఎవరికీ అమ్మను.

ఇక అసలు కథ

పోయిన ఏడాది నా ఉద్యోగం పోయింది. రెండు నెలల ఈఎంఐ ఆగింది. ఏదైనా అమ్ముదామని అటక మీది బాపు రేకు పెట్టె దించాను. బాపు నాచారం పారిశ్రామికవాడలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. పెట్టెలో పాత పేస్లిప్పులు, పెళ్లి ఫొటోలు, వాటి కింద ఒక షాడో నవల. తెరిస్తే లోపలి పేజీలో నీలి ఇంకుతో 'మధుబాబు' అని సంతకం. కింద 'విజయవాడ, 1980'.

నా గుండె ఒక్క క్షణం ఆగింది.

వెంటనే ఫొటో తీసి, డల్లాస్‌లో ఉండే ఒకాయనకి పంపాను. ఆయన కూడా నాలాంటి పిచ్చోడే. పది నిమిషాల్లో రిప్లై: "ఏడు వేలు ఇస్తాను తమ్ముడూ, ఇంకెవరికీ చూపించకు." రెండు వేలు అడ్వాన్సు కూడా ఆ రాత్రే ఫోన్‌లో పడింది. "టైటిల్ పేజీ వెనక ఫొటో కూడా పెట్టు" అన్నారు. అది తీద్దామని పేజీ తిప్పాను.

'ద్వితీయ ముద్రణ: 1983'.

మళ్లీ చదివాను. పుస్తకం అచ్చయింది 1983లో. సంతకం పెట్టింది 1980లో. పుట్టని పుస్తకం మీద సంతకం!

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ '1980' కనపడకుండా ఫొటో క్రాప్ చేద్దామా అనుకున్నాను. తప్పు కాదులే, సంతకం నిజమే అయ్యుండొచ్చు, తేదీ ఎవరో తర్వాత రాసి ఉంటారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కట్టాల్సిన ఈఎంఐ ఆరు వేల ఎనిమిది వందలు. లెక్క సరిగ్గా సరిపోతోంది. వేలు క్రాప్ బటన్ మీదే చాలాసేపు ఉంది.

చివరికి పుస్తకం పట్టుకుని బాపు దగ్గరికి వెళ్లాను.

"బాపూ, ఈ సంతకం నీకెట్ల దొరికింది?"

బాపు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. చూసి, చిన్నపిల్లాడిలా నవ్వడం మొదలుపెట్టాడు.

"అరె, గిదింక ఉన్నదారా! గా సంతకం నాదే బిడ్డా."

విషయం ఏంటంటే, బాపు భువనగిరిలో చదివేటప్పుడు కృష్ణా పుష్కరాలకి బెజవాడ వెళ్లొచ్చాడట. వచ్చి, "నేను మధుబాబును కలిసిన, చేయి కూడా కలిపిన" అని దోస్తులకి కోతలు కోశాడట. వాళ్లు మూడేళ్లు ఏడిపించారట, రుజువు చూపించు అని. చివరికి ఒక పాత పుస్తకం కొని, తనే సంతకం గీకి, పుష్కరాల సంవత్సరం వేసి చూపించాడు.

"ఒక్కడు కూడా ఎనక పేజీ చూడలే. నువ్వొక్కనివే పట్టినవ్" అన్నాడు. ఆ గొంతులో సిగ్గు కంటే గర్వమే ఎక్కువుంది.

"దీనికి ఏడు వేలిస్తా అంటున్నరు బాపూ."

నవ్వు ఆగిపోయింది. "నేను దోస్తులకు జెప్పింది ముచ్చట. నువ్వు పైసల్ దీస్కుంటే అది మోసమైతది. ఆయనకు జెప్పు."

ఆ రాత్రే డల్లాస్ ఆయనకి ఉన్నది ఉన్నట్టు మెసేజ్ పెట్టి, రెండు వేలు తిరిగి పంపాను. ఆయన నవ్వుతున్న బొమ్మలు నాలుగు పెట్టి, "మీ నాన్నగారికి నమస్కారం చెప్పు" అన్నారు. అంతే. ఈఎంఐ ఇంకో నెల ఆలస్యమైంది. ఫైన్ పడింది. బ్యాంకు నుంచి ఫోన్లు వచ్చాయి. నిజం చెప్పినందుకు పైనుంచి డబ్బులేమీ రాలిపడలేదు. రెండు నెలల తర్వాత ఉప్పల్‌లో చిన్న ఉద్యోగం దొరికింది. మెల్లగా కట్టుకుంటూ వస్తున్నాను.

మీరూ మొదలుపెడతారా?

నేను దెబ్బతిని నేర్చుకున్నవి చెబుతాను. సంతకం కంటే ముందు ముద్రణ సంవత్సరం చూడండి. సంతకం కింద తేదీ ఉంటే రెండూ కలిపి చూడండి. అదే రచయిత వేరే సంతకాలు సంపాదించి పక్కన పెట్టి పోల్చండి. పుస్తకం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో అడగండి. అమ్మేవాడు తడబడితే వదిలేయండి. అన్నిటికంటే మేలు, రచయిత బుక్ ఫెయిర్‌కి వచ్చినప్పుడు మీ కళ్ల ముందే పెట్టించుకోవడం. డిసెంబర్ ప్రాంతంలో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండగ ఉంటుంది, చూస్తూ ఉండండి.

చిరిగిన పేజీకి సెల్లో టేపు వేయొద్దు, కొన్నేళ్లకి పసుపు మరక మిగులుతుంది. వానాకాలం పుస్తకాల మధ్య సిలికా జెల్ పొట్లం పెట్టండి. ఎండ నేరుగా తగలనివ్వొద్దు. మీ పేరు రాసుకోవాలనిపిస్తే పెన్సిల్‌తో రాసుకోండి.

ఆ షాడో నవల ఇప్పుడు నా అలమరాలో పై అరలో ఉంది. మొన్న బాపు చేతికి పెన్నిచ్చి, ఆ నీలి సంతకం కిందే తన అసలు పేరు, ఇవాళ్టి తేదీ వేయించాను. చేయి కొంచెం వణికింది. అయినా 'బ' కింద లాగే ఆ వంకర గీత మాత్రం నలభై ఏళ్లయినా మారలేదు.

నా దగ్గరున్న సంతకాల్లో నూటికి నూరు శాతం ఖాయంగా అసలైనది అదొక్కటే. ఈసారి ఏడు వేలు కాదు, డెబ్బై వేలిచ్చినా అమ్మను.