వీరాపురం చింతచెట్లపై వేసవి చుట్టములు

నీటి పక్షులను చూడవలెననిన పులికాటు సరస్సునకో, నేలపట్టునకో, కొల్లేటికో పోవలెనని మనలో చాలమంది తలంతురు. సముద్రతీరపు జిల్లాలవారికి ఆ వేడుక ఇంటి ముంగిటనే కలదు. కాని ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు మెట్టసీమలో, అందునా పశువులకు నీరు దొరకని వేసవిలో, మూడడుగుల పొడవుగల నీటికొంగలు వందలకొలది చేరి పిల్లలను పెంచుచున్నవనిన ఎవరు నమ్ముదురు? నమ్మనివారు హిందూపురమునకు వచ్చి, అచ్చటినుండి చిలమత్తూరు మండలములోని వీరాపురము పోయి చూడవచ్చును. కర్ణాటక సరిహద్దును ఆనుకొనియున్న ఈ గ్రామము 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

వచ్చునవి ఎర్రకాళ్ళ కొంగలు. ఆంగ్లములో వీనిని పెయింటెడ్ స్టార్క్ అందురు. తెల్లని ఒడలు, రొమ్ముకు అడ్డముగా నల్లని పట్టె, నలుపు తెలుపు కలిసిన రెక్కలు, తోకవద్ద గులాబీరంగు ఈకలు, కొన క్రిందికి వంగిన పొడవైన పసుపుపచ్చ ముక్కు, ఈకలులేని నారింజరంగు ముఖము—ఒకసారి చూచిన మరువరాదు. రెక్కలు చాచిన అయిదడుగుల వెడల్పుండును. ఎండవేళ ఇవి తమ కాళ్ళపైననే రెట్ట వేసుకొని చల్లబరచుకొనును. అందుచే పేరు ఎర్రకాళ్ళ కొంగయైనను కాళ్ళు సున్నము పూసినట్లు తెల్లగా కనిపించిన ఆశ్చర్యపడవలదు.

ఇవి సైబీరియా నుండి వచ్చుచున్నవని పత్రికలలో తరచుగా వ్రాయుదురు. ఇది పొరపాటు. ఎర్రకాళ్ళ కొంగ మన దేశపు పక్షియే. మన దేశములోను, శ్రీలంకలోను, తూర్పున మరికొన్ని దేశములలోను ఉండును గాని సైబీరియాలో ఉండదు. నీరు, చేపలు ఉన్నచోటును వెదకికొనుచు ఒక చెరువునుండి మరియొక చెరువునకు, ఏటి ఒడ్డులకు, సముద్రపు కయ్యలకు తిరుగుచుండును. దూరదేశపు అతిథియని గౌరవించుట మంచిదే కాని, మన ఇంటి పిల్లయని తెలిసినచో ఆ గౌరవము తగ్గవలసిన పనిలేదు గదా! వీరాపురమువారు మాత్రము ఈ విషయములో పత్రికలకన్న తెలివైనవారు. పుట్టింటికి కాన్పునకు వచ్చిన ఆడబిడ్డలని వీనిని వారు చెప్పుకొందురు.

ఇవి సాధారణముగా జనవరి ప్రాంతమున వచ్చి జూలై, ఆగస్టు నాటికి వెళ్ళిపోవును. వేసవిలోనే పిల్లలను పెంచుటకు కారణము మన చెరువుల నడకలో ఉన్నది. ఈ కొంగ కంటితో చూచి చేపను పొడుచునది కాదు. ముక్కును సగము తెరచి నీటిలో ముంచి, అటునిటు త్రిప్పుచు, కాలితో బురదను కదలించును. చేప ముక్కుకు తగులగానే చటుక్కున మూసి పట్టును. కనుక దీనికి మోకాలిలోతు నీరు కావలెను. నిండు చెరువు పనికిరాదు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు నిండిన చెరువు సంక్రాంతి తరువాత నెమ్మదిగా తగ్గును. చేపలన్నియు మిగిలిన నీటిలో చిక్కబడును. పిల్లలు ఎక్కువగా తిను రోజులకు ఆహారము సులువుగా దొరకు రోజులు సరిపోవును.

అయితే ఈ లెక్క ఒక వెంట్రుకవాసిలో తప్పవచ్చును. ఆడ, మగ రెండును వంతులవారీగా సుమారు నెలరోజులు గ్రుడ్లు పొదుగును. పిల్ల ఎగురుటకు మరి రెండు నెలలు పట్టును. ఈ మూడు నెలలలో చెరువు ముందుగానే ఎండినచో తల్లిపక్షులు మేతకై ఎంతో దూరము పోవలసివచ్చును. బలములేని పిల్లలు గూటిలోనే చచ్చును, లేదా నేల రాలును. కరవు రైతును ఎట్లు దెబ్బతీయునో వీనిని కూడ అట్లే దెబ్బతీయును; పంట చేతికి వచ్చు వేళకు తడి చాలకపోవుటయే రెండింటికిని ఆపద.

ఇక చూడబోవువారికి. తెల్లవారుజామున లేదా ఎండ తగ్గిన తరువాత పొండు. చెట్టు క్రిందికి పోయి తల పైకెత్తవద్దు. అందుకు తగిన శిక్ష వెంటనే పడును. నూరడుగుల దూరమున నిలిచి చూచిన చాలును. పెద్ద కొంగలు అరవవు, ముక్కులను టకటక కొట్టుకొనును. అరచునది పిల్లలే. మధ్యాహ్నపు ఎండలో తల్లి గూటిపై నిలువబడి రెక్కలు గొడుగువలె చాచి పిల్లలకు నీడపట్టును. చెరువునుండి నీరు తెచ్చి నోటితో వానిపై చిలుకరించుట కూడ కలదు. ఈ దృశ్యము కనబడినచో గంటసేపు కదలబుద్ధి కాదు. పిల్లలు మట్టిరంగులో ఉండును; పెద్దవాని సొగసు వచ్చుటకు రెండు మూడేండ్లు పట్టును. తరువాత చెరువుగట్టునకు నడచిన తెల్లకొంగలు, నీటికాకులు, తీతువులు, లకుముకి పిట్టలు కనిపించును.

చూచి మెచ్చుకొని వచ్చువారికి తెలియని సంగతి ఒకటి కలదు. ఆ చెట్టుకు ఒక యజమాని ఉన్నాడు. చింతపండు కోతయు, కొంగల గూళ్ళును ఒకే కాలమున వచ్చును. రెట్టపడిన కాయ అమ్ముడుపోదు. గూళ్ళున్న కొమ్మ దులుపుటకు వీలుపడదు. చేపల కంపు, ఆరవేసిన బట్టలపై మరకలు, రాత్రింబవళ్ళు పిల్లల అరపులు—ఇవన్నియు ఆ ఇంటివారికే. సంతోషము ఊరందరిది, నష్టము ఒకరిది అగుట న్యాయము కాదు. కర్ణాటకలోని మండ్య జిల్లాలో కొక్కరె బెళ్ళూరు అను గ్రామమున్నది. అచ్చటను ఇవే కొంగలు ఊరి నడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టును. చింతకాపు నష్టమునకు ఆ రాష్ట్ర అటవీశాఖ చెట్ల యజమానులకు పరిహారము ఇచ్చినది. కొంగలున్న ప్రతి గ్రామములోను పంచాయతీవారు గూళ్ళుగల చెట్లను లెక్కించి, యజమానుల పేర్లతో జాబితా వ్రాసి, అటవీశాఖకు అర్జీ పంపుట మంచిది. లేనియెడల ఏదో ఒక ఏడు అవసరము వచ్చి చెట్టు గొడ్డలికి పోవును. పెద్ద చింతచెట్టు పెరుగుటకు ఒక తరము పట్టును.

లాభము లేకపోలేదు. రెట్టలో నత్రజని, భాస్వరము ఉండును. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు పక్షులున్న చెరువునీరు పొలమునకు బలమని ఎన్నడో గ్రహించి, వేటను ఆపించవలెనని కోరి 1798లోనే కలెక్టరునుండి పట్టా పొందిరి. చెట్టు క్రింది మట్టిని, రాలిన ఆకును వానలకు ముందు ఎత్తి పెంటదిబ్బలో కలిపి, బాగుగా మాగిన తరువాతనే పొలమునకు తోలవలెను. పచ్చిది మొక్క మొదట వేసినచో మాడ్చును. ఎత్తువారు ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను.

చెరువు విషయములో గ్రామోద్యోగులు జాగ్రత్త వహించవలెను. పూడిక తీయునప్పుడు యంత్రములతో ఒకేచోట బావివలె లోతుగా త్రవ్వుట వాడుకైనది. నీరంతయు ఆ గోతులలో చేరిన కొంగ నిలువజాలదు, గట్లు నిట్టనిలువుగా నుండి పశువులకును ప్రమాదము. ఏటవాలుగా తీసినచో నీరు క్రమముగా తగ్గును. ఒండ్రుమట్టియు పొలములకు సమానముగా దొరకును. చేపలు పట్టు గుత్తదారులు కొంగలను బెదరించుటకు టపాకాయలు కాల్చకుండ గుత్త షరతులలోనే వ్రాయవలెను. సర్కారుతుమ్మ కమ్మిన చెరువుగర్భములో దానిని తీసి నల్లతుమ్మ నాటిన కొన్నేండ్లకు గూళ్ళకు చోటగును. అప్పుడు ఇంటి చింతలపై భారము తగ్గవచ్చును. గూళ్ళవద్ద విద్యుత్తీగలు వ్రేలాడుచున్నచో లైనుమనిషికి చెప్పి బిగింపించవలెను. ఇంత పెద్ద రెక్కలకు రెండు తీగలు ఒకేసారి తగులుట సులభము.

పిల్ల నేల రాలినచో కుక్కలకు, కోతులకు దక్కకుండ గంప క్రింద మూసి అటవీశాఖవారికి కబురు పంపుడు. నోరు తెరచి నీరు పోయవద్దు. ఊపిరిలోనికి పోయి చచ్చును. గ్రుడ్లు తీయుట, పక్షిని కొట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము.

వర్షపాతము వ్రాయు పుస్తకమున్న గ్రామములలో దాని ప్రక్కనే మరి నాలుగు వరుసలు గీయుడు: మొదటి కొంగ వచ్చిన తేది, గూళ్ళ సంఖ్య, చెరువు ఎండిన తేది, చివరి కొంగ వెళ్ళిన తేది. బడిపిల్లలు కూడ ఈ పని చేయగలరు. పదేండ్ల లెక్క చేతిలో నున్నచో, ఏ వానకు ఎన్ని గూళ్ళు నిలిచినవో, ఏ చెరువు ముందుగా ఎండినదో అటవీశాఖవారికిని, జలవనరుల శాఖవారికిని కాగితముపై చూపవచ్చును. వేరుశనగ విత్తు పదనుకై మనము ఆకాశమువంక చూచుచున్న జూన్, జూలై దినములలో ఎగుర నేర్చిన పిల్లలు ఎండకు లేచిన వేడిగాలిపై ఊరిమీద గుండ్రముగా తిరుగుచుండును. వెళ్ళిన తేది వ్రాయుటకు అదే సమయము.