కొడుకు బండి కొంటానంటే



హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికి నాలుగు జీతాలు చేతిలో పడేసరికి పిల్లల మనసు పెద్ద మోటారు సైకిలు మీదకి పోతుంది. మావాడూ అంతే. "అమ్మా, క్రూజరు కొంటాను" అన్నాడు. క్రూజరంటే సీటు కిందకీ, హాండిలు వెడల్పుగానూ వుండి, కాళ్లు కాస్త ముందుకి చాచి నింపాదిగా కూర్చునే బండి. అది మగవాళ్ల వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. వాయిదాలు కట్టేది ఇంటి డబ్బులోంచే. వెనక సీటు మీద కూర్చునేదీ మనమే!

ముందు ఇంజను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. వరకూ వున్న బళ్ల మీద జి.యస్.టి. 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటితే 40 శాతం. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి మీటియర్ 349 సి.సి. కనుక ఆ గీతకి ఇవతలే వుంది. "ఇంకొంచెం పెడితే పెద్దది వస్తుందమ్మా" అంటే, ఆ ఇంకొంచెంలో పన్నెంతో అడగండి.

షోరూంలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనుతున్నాయో లేదో చూడండి. మీటియర్ 191 కిలోలు. మన స్కూటరుకి ఇంచుమించు రెట్టింపు. సైబర్ టవర్స్ దగ్గర ఆఫీసులు వదిలేవేళ అడుగడుక్కీ కాలు ఆనించాల్సిందే కదా! మీరూ వెనక కూర్చుని చూడండి. కొంగు చక్రంలో పడకుండా అడ్డు, పట్టుకోవడానికి పిడి వుండాలనీ, కొన్నప్పుడు ఒక హెల్మెట్ ఇవ్వాలనీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి.

ఇక అసలు సంగతి. "ఆన్ రోడ్" ధర అని ఒకే అంకె చెబుతారు. దాన్ని విడదీసి రాసిమ్మనండి. బండి ధర, లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు, ఇన్స్యూరెన్సు తప్పనివి. థర్డ్ పార్టీ ఇన్స్యూరెన్సు అయిదేళ్లకీ ఒకేసారి కట్టాలని 2018 సెప్టెంబరు నుంచి నియమం. అయితే ఆ షోరూంలోనే చేయించాలన్న నిర్బంధం లేదు. బయట కూడా కనుక్కోండి. క్రాష్ గార్డు, సీటు కవరు, పాలిషు మన ఇష్టం.

మేం వెళ్లినచోట చీటీలో "హాండ్లింగ్ చార్జీలు" అని వుంది. "ఇదేమిటి బాబూ?" అన్నాను.

"అందరూ ఇస్తారండీ" అన్నాడా అబ్బాయి.

"దేనికో రసీదులో రాసివ్వు నాయనా" అన్నాను. లోపలికి వెళ్లొచ్చి ఆ వరస కొట్టేశాడు.

కూరగాయల దగ్గర అయిదు రూపాయలకి బేరమాడే మనకి, రెండు లక్షలు దాటే బండి దగ్గర మొహమాటమెందుకు? చీటీ పూర్తిగా చదివాకే అడ్వాన్సు ఇవ్వండి.