వసంతము కొరకు నిరీక్షణ

అమెరికా ఉత్తర రాష్ట్రములలో చలికాలము దీర్ఘమైనది. ఆటస్థలములు నెలల తరబడి మంచుక్రింద దాగియుండును. ఐనను ఫిబ్రవరి నడుమ నుండియే అచ్చటి బాలబాలికల మనస్సులు దక్షిణమునకు మరలును. ఫ్లారిడా, ఆరిజోనా రాష్ట్రములలోని వెచ్చని మైదానములలో బేస్‌బాలు జట్లు అభ్యాసము మొదలిడునది అప్పుడే. ఆ వార్త అందినంతనే, వాకిట మంచు కరగకున్నను, వసంతము వచ్చినట్లే వారు భావింతురు.

క్రికెట్టు నెరిగినవారికి ఈ క్రీడ బోధపడుట కష్టము కాదు. పక్షమునకు తొమ్మండుగురు ఆటగాండ్రు, తొమ్మిది ఇన్నింగ్సులు. ఒక్కొక్కటి 90 అడుగుల దూరమున నాలుగు మజిలీలుండును. ఆటగాడు వానిని చుట్టి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినచో ఒక పరుగు. ఆ చోటికి వారిడిన పేరు ‘హోమ్’, అనగా ఇల్లు. బాల్యస్మృతులు ఈ ఆటను అల్లుకొనియుండుటలో వింత లేదు.

అట్టి స్మృతులను గ్రంథస్థము చేసినవారిలో డోరిస్ కెర్న్స్ గుడ్విన్ ఒకరు. 1943లో జన్మించిన ఈ చరిత్రకారిణి న్యూయార్కు సమీపమున రాక్‌విల్ సెంటర్ అను ఊర పెరిగెను. ఆమెకు ఆరేండ్ల ప్రాయమున తండ్రి ఎర్రని పుస్తకము నొకదానిని బహూకరించి, ఆట జరిగిన తీరును గుర్తులతో వ్రాసికొను విధము నేర్పెను. తండ్రి ఉద్యోగమునకు పోవగా, బాలిక రేడియో యెదుట కూర్చుండి బ్రూక్లిన్ డాడ్జర్సు జట్టు ఆటను అందు కెక్కించెడిది. సాయంకాలము ఆయన ఇల్లు చేరగానే ఆట యంతయు కథగా చెప్పెడిది. ఆ వివరములన్నియు మరునాటి పత్రికలో వచ్చునని తండ్రి చెప్పలేదు. తాను చెప్పనిదే ఆయనకు తెలియదని బాలిక నమ్మిక! గెలుపోటములను మొదటనే బయటపెట్టినచో కథలో పస యుండదని ఆమె అప్పుడే గ్రహించెను. పెద్దయై అమెరికా అధ్యక్షుల చరిత్రలు వ్రాసి, 1995లో పులిట్జరు బహుమానమందిన ఆమెకు తొలి గురువు, ఓపికతో విన్న ఆ తండ్రియే.

ఆమె అభిమానించిన జట్టు సామాన్యమైనది కాదు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్‌ను ఆడించి, నల్లజాతివారికి ఆరు దశాబ్దములకు పైగా మూసియుంచిన ప్రధాన పోటీల ద్వారమును తెరచినది ఆ జట్టే. కాని అదృష్టము దానికి దూరము. 1941, 1947, 1949, 1952, 1953 సంవత్సరములలో వరల్డ్ సిరీస్ అను తుది పోటీలకు చేరియు, ఐదు మారులును యాంకీసు జట్టు చేతనే ఓడెను. ఓడినప్పుడెల్ల బ్రూక్లిన్ వాసులు చెప్పుకొనెడి మాట యొక్కటే: “వచ్చే యేడు చూతము!” ఆ మాటతోనే వారు చలికాలములను గడపిరి. తుదకు 1955 అక్టోబరు 4న ఆ ‘వచ్చే యేడు’ వచ్చెను. యాంకీసు పరాజితులైరి.

ఆ యానందము నిలువలేదు. 1957 ఆటల కాలము ముగియగనే జట్టు లాస్ ఏంజెలీసునకు తరలిపోయెను. 1960లో ఎబెట్స్ ఫీల్డు మైదానమును పడగొట్టి, ఆ స్థలమున నివాసభవనములు కట్టిరి. జట్టు పోయిన కొలదికాలమునకే, ఆమె పదునైదవ యేట, తల్లియు గతించెను. బాల్యము ఒక్కసారిగా ముగిసినది.

ఐనను నిరీక్షించు అలవాటు ఆమెను విడువలేదు. పిదప ఆమె బాస్టన్ రెడ్ సాక్సు జట్టు నభిమానించెను. 1918లో గెలిచిన తరువాత మరల 2004 వరకు గెలువని జట్టది! తన కుమారులను ఫెన్వే పార్కునకు గొనిపోయి, వారు చూడని తాతగారిని, లేని మైదానమును కథలుగా వినిపించెను. 1997లో ఆమె ప్రకటించిన స్మృతిగ్రంథమునకు బ్రూక్లిన్ వాసుల ఆ పాత మాటనే పేరుగా పెట్టెను. ఓడినవారి నోట పుట్టిన మాట అది. కాని అందు ఓటమి ధ్వనింపదు, రానున్న వసంతమే ధ్వనించును.